కుండీలో పూలు మార్చేముందు మట్టిని చూడండి

సంపాదకులకు,

నమస్కారం.

శరదృతువు కోసం కుండీలను, కిటికీ తొట్లను ఎలా తీర్చిదిద్దుకోవాలో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వేసవంతా పూసి అలసిన మొక్కలను పీకేసి, వాటి చోట విరబూసిన చేమంతులను, అలంకార క్యాబేజీలను, పాన్సీలను నాటితే ఒక్క పూటలో ఇంటి ముఖం మారిపోతుందని అందులో రాశారు. మారిపోయే మాట నిజమే. ఆ మార్పు ఎన్నాళ్లు నిలుస్తుందన్న సంగతిని మాత్రం వ్యాసం ఎక్కడా ఎత్తలేదు. ఏళ్ల తరబడి కుండీల్లో మొక్కలు పెంచుతూ, పూసిన వాటికన్నా చచ్చిన వాటి దగ్గరే ఎక్కువ నేర్చుకున్న పాఠకురాలిని కనుక ఈ లేఖ రాస్తున్నాను. శరత్తులో కుండీకి చేయవలసిన పనిలో ముప్పాతిక భాగం మట్టి లోపలే ఉంటుందని, పైకి కనిపించే పూలు ఆఖరున వచ్చే పని అని నా అభిప్రాయం.

ముందుగా ఋతువు పేరు గురించి ఒక మాట. ఆకులు రాలే కాలమంటే మన ఆరు ఋతువుల లెక్కలో శిశిరం. తోటపని వ్యాసాల్లో శరదృతువంటే ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు 22, 23 తేదీలలో పగలూ రాత్రీ సమానమైన తరువాత వచ్చే రెండు మూడు నెలలు. దక్షిణార్ధగోళంలో అదే కాలం మార్చి 20, 21 తేదీల తరువాత మొదలవుతుంది. కాబట్టి నెల పేరును పట్టుకుని కూర్చోవడంకన్నా లక్షణాలను చూసుకోవడం మేలు. పగలు కురచనవుతుంది, రాత్రి చల్లబడుతుంది, నీళ్లు పోసిన మట్టి ఆరడానికి మునుపటికన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఈ మూడో లక్షణాన్ని గమనించని వారి కుండీలే ఈ కాలంలో ఎక్కువగా పాడవుతాయి.

వేసవి గడిచేసరికి కుండీలోని మట్టి ఏ స్థితికి వస్తుందో ఆలోచించండి. నాలుగైదు నెలలపాటు రోజుకొకసారి, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో రెండుసార్లు, నీళ్లు పోసి ఉంటాం. ఆ నీటితో పాటు కరిగే పోషకాలు అడుగు రంధ్రం గుండా వెళ్లిపోతాయి. వసంతంలో కలిపిన, పైపొర గుండా పోషకాలను కొద్దికొద్దిగా విడిచే గుళికల ఎరువు మూడు నాలుగు నెలలో, ఐదారు నెలలో పనిచేస్తుందని సంచి మీద రాసి ఉన్నా, ఆ లెక్క మట్టి సుమారు 21 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుందన్న అంచనాతో వేసినది. నల్లటి ప్లాస్టిక్ కుండీ ఎండలో అంతకన్నా చాలా వేడెక్కుతుంది కనుక గుళికలు గడువుకు ముందే ఖాళీ అవుతాయి. శరత్తులో గిల్లి చూస్తే చాలావరకు లోపల నీళ్లు మాత్రమే మిగిలి ఉంటాయి. కొబ్బరిపొట్టు, కంపోస్టు లాంటి సేంద్రియ పదార్థం కుళ్లి నలిగి, మట్టి మట్టం అంచు నుంచి రెండు మూడు అంగుళాలు దిగుతుంది. ఆ దిగుడులో మనకు కనిపించని నష్టం ఒకటుంది: మట్టి రేణువుల మధ్య గాలి నిలిచే ఖాళీలు మూసుకుపోతాయి. మట్టికుండీ వెలుపల తెల్లగా పేరుకున్న పొర నీటిలోని, ఎరువులోని లవణాలు. అదే లవణం లోపల వేళ్ల చుట్టూ కూడా ఉంటుంది.

ఈ మట్టిలోనే చిన్న గొయ్యి తీసి, కొత్త చేమంతిని దూర్చి, పైన నాచు పరిచి చూసుకుని మురిసిపోయిన వారిలో నేనూ ఒకదాన్ని. ఆ ఏడాది ఒక దుకాణంలో పూర్తిగా విచ్చుకున్న ఆరు చేమంతులు కొని, వేసవి పెటూనియాలు పీకిన కిటికీ తొట్టెలో నాటాను. మూడు వారాల్లో ఆరూ తలలు వాల్చేశాయి. నీళ్లు చాలలేదేమో అనుకుని ఇంకా పోశాను. చివరకు విసిగి తొట్టెను బోర్లించినప్పుడు తెలిసింది: పైన రెండు అంగుళాలు పొడిగా ఉంది, అడుగు సగం బురదలా ఉండి మురుగు వాసన వస్తోంది. పెటూనియా వేళ్లు చాపలా అల్లుకుని అడుగు రంధ్రాలన్నిటినీ మూసేశాయి. చేమంతి వేరుబంతులు మాత్రం, కొన్నప్పటి ప్లాస్టిక్ కప్పు ఆకారంలోనే, ఒక్క కొత్త వేరైనా బయటకు చాచకుండా, నడిమధ్యన పొడిగా ఉండిపోయాయి. తొట్టెలో ఒకేసారి వరదా కరువూ వచ్చాయన్నమాట. అమ్మినవారిని తిట్టుకున్న మాట వాస్తవం. తప్పు వారిది కాదని తెలిసేసరికి మరో శరత్తు గడిచింది.

అందువల్ల, కొత్త మొక్కలు కొనడానికి వెళ్లేముందు పాత కుండీని ఒకసారి బోర్లించి చూడమని పాఠకులకు చెప్పండి. పెద్ద కుండీ అయితే ఒక పక్కన చేతితో లోతుగా తవ్వి చూసినా చాలు. వేళ్లు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి, మట్టికి వాన పడిన నేల వాసన ఉంటే ఆ మట్టికి ఇంకా ప్రాణం ఉన్నట్టు. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పైతోలు జారి లోపలి దారం మాత్రమే చేతికి వస్తే అది వేరుకుళ్లు. ఆ మట్టిని మళ్లీ కుండీలో వాడకూడదు. కుండీని కూడా రుద్ది కడిగి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన తరువాతే మళ్లీ నింపాలి.

చల్లని ప్రాంతాల్లో బోర్లించి చూడటానికి మరో కారణం ఉంది. వైన్ వీవిల్ అనే ముక్కుపురుగు పిల్లలు ఈ కాలంలోనే కుండీల్లో వేళ్లను తింటూ పెరుగుతాయి. మీగడ రంగు ఒళ్లు, గోధుమరంగు తల, కాళ్లు లేకుండా కొడవలిలా వంగి ఉండే ఈ పురుగును ఒకసారి చూస్తే మరచిపోరు. పెద్ద పురుగు నల్లగా, దాదాపు ఒక సెంటీమీటరు పొడవుంటుంది, ఎగరలేదు, రాత్రివేళ ఆకుల అంచులను కత్తెరతో గాట్లు పెట్టినట్టు కొరుకుతుంది. ఇందులో మగవి ఉండవు, ఆడపురుగులే ఒంటరిగా వందల గుడ్లు పెడతాయి. కనుక ఒక్క పురుగు దొరికినా తేలిగ్గా తీసుకోకూడదు. హ్యూకెరా, సైక్లమెన్, ప్రిములా వంటి మొక్కలంటే వీటికి ప్రీతి. శరత్తు కుండీల్లో మనం ఎక్కువగా నాటేవి కూడా అవే! ఉన్నట్టుండి మొక్క వాడిపోయి, లాగితే వేళ్లు లేకుండా చేతిలోకి వస్తే కారణం చాలాసార్లు ఇదే. స్టైనర్‌నీమా క్రౌసీ అనే సూక్ష్మ నులిపురుగులను నీళ్లలో కలిపి పోస్తే మట్టి 5 డిగ్రీల దాకా చల్లబడినా పనిచేస్తాయి. పురుగుమందు జోలికి పోనవసరం లేదు.

మీ వ్యాసంలో నేను గట్టిగా అభ్యంతరం చెప్పవలసిన వాక్యం ఒకటుంది. నీరు బాగా ఇంకడానికి కుండీ అడుగున రెండంగుళాల మేర గులకరాళ్లు పరచమన్నారు. తరతరాలుగా చెప్పుకుంటున్న సలహాయే అయినా ఇది ఫలితానికి ఎదురు తిరుగుతుంది. సన్నని మట్టి నుంచి నీరు పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి అంత సులభంగా దిగదు. పైన ఉన్న మట్టి పూర్తిగా తడిసి బరువెక్కేదాకా అక్కడే వేలాడుతుంది. ఏ కుండీలోనైనా అడుగున కొంత మేర ఎప్పుడూ నీటితో నిండి ఉంటుంది, రాళ్లు వేస్తే ఆ తడి పొర రాళ్ల మీదికి, అంటే వేళ్లకు మరింత దగ్గరకు, జరుగుతుంది. నమ్మకం కలగకపోతే వంటింట్లో వాడే స్పాంజిని నీళ్లలో ముంచి, పడుకోబెట్టినట్టు అరచేతిపై పట్టుకుని చినుకులు ఆగేదాకా చూడండి. తరువాత దానిని నిలువుగా తిప్పండి. మళ్లీ నీరు కారుతుంది. స్పాంజి మారలేదు, ఎత్తు మారింది. లోతు తక్కువగా ఉండే కిటికీ తొట్టె పడుకోబెట్టిన స్పాంజి లాంటిది. దానికి ఉన్న కాస్త లోతులో రెండంగుళాలు రాళ్లకు ఇచ్చేస్తే వేళ్లకు మిగిలేది తడిబురద. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక వలముక్క వేస్తే చాలు. కుండీని నేలకు అంటకుండా చిన్న ఇటుక ముక్కల మీద నిలబెడితే ఇంకా మంచిది.

మట్టి మొత్తం పారబోయాలా అన్నది తరువాతి ప్రశ్న. అక్కర్లేదు. రోగం, పురుగు లేని పక్షంలో వేళ్ల ముద్దను, గడ్డలను తీసేసి, ఉప్పు పేరుకున్న పైపొరను గీకేసి, మిగిలిన దానిలో మూడో వంతు కొత్త మిశ్రమం, కాస్త బాగా మాగిన కంపోస్టు కలిపితే శరత్తు మొక్కలకు సరిపోతుంది. ఇవి వేసవి మొక్కల్లా ఆబగా తినవు. ఇంకా చెప్పాలంటే ఈ కాలంలో నత్రజని ఎక్కువగా ఇవ్వడం హానికరం, దానివల్ల వచ్చే లేత చిగుళ్లు మొదటి గట్టి చలికే మాడిపోతాయి. పొదలు, గడ్డి జాతులు, సతతహరిత మొక్కలు శాశ్వతంగా ఉన్న కుండీలనైతే కదిలించకుండా, పై రెండంగుళాల మట్టిని చిన్న పారతో జాగ్రత్తగా తీసి కొత్తది నింపితే చాలు. ఎండి గట్టిపడిన పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న నాచు, మొక్కల పదార్థం) మిశ్రమాలకు ఒక దుర్గుణం ఉంది: ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని దగ్గరకు రానీయవు. పోసిన నీరు కుండీ గోడ వెంట జారి కిందికి పోతుంది, మనం మాత్రం తడిసిందనుకుంటాం. అలాంటి కుండీని అరగంటసేపు బకెట్టు నీటిలో కూర్చోబెట్టి, బుడగలు ఆగాక తీయాలి.

కుండీ మిశ్రమం గురించి రాసేవారు దానికీ ఒక చరిత్ర ఉందని గుర్తుంచుకుంటే బాగుంటుంది. 1930లలో ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థలో విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ అనే ఇద్దరు కుదిర్చిన పాళ్లు ఏడు వంతుల ఆవిరిపట్టిన తోటమట్టి, మూడు వంతుల పీట్, రెండు వంతుల గరుకు ఇసుక. దాదాపు ప్రతి మొక్కకూ ఒక్కో మిశ్రమం వాడే రోజుల్లో, చాలా మొక్కలకు ఒకే మిశ్రమం సరిపోతుందని వారు చూపించారు. ఆ తరువాత తేలికగా ఉంటుందని మట్టి లేని పీట్ మిశ్రమాలు రాజ్యమేలాయి. పీట్ నేలలు భూభాగంలో సుమారు 3 శాతమే ఉన్నా అవి దాచుకున్న కర్బనం అడవులన్నీ కలిపి దాచుకున్నదానికన్నా ఎక్కువ. అందులో పీట్ పొర ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది. ఆరు వారాల అలంకారం కోసం దానిని కొత్తగా సంచులకొద్దీ కొనడంకన్నా ఉన్న మట్టిని బాగుచేసుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. కొబ్బరిపొట్టు, మాగిన బెరడు, ఆకుల కంపోస్టు ఆ లోటును చాలావరకు తీరుస్తాయి.

ఇప్పుడు మొక్కల మాట. వసంతంలో నాటిన చిన్న నారు నెలలో కుండీని నింపుతుంది. శరత్తులో నాటిన మొక్క నాటిన రోజున ఎంత ఉందో దాదాపు అంతే ఉంటుంది. వెలుతురు తగ్గుతూ, మట్టి చల్లబడుతూ ఉండగా దానికి పెరిగే అవకాశం ఎక్కడిది? అందువల్ల ఈ కాలంలో వేరుబంతులు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా నాటడంలో తప్పులేదు. వేసవిలో అలా నాటితే తప్పే. దగ్గరగా నాటినా, ప్రతి వేరుబంతిని ముందు నీటిలో నానబెట్టి, చుట్టలు చుట్టుకున్న వేళ్లను చేతివేళ్లతోనే వదులుచేసి, పక్కలనున్న ఖాళీల్లోకి మట్టిని దూర్చి నొక్కాలి. నా ఆరు చేమంతులు చచ్చింది ఈ పని చేయనందుకే. శీతకాలానికి ముందు కొత్త వేళ్లు పట్టుకోవాలంటే మట్టి పూర్తిగా చల్లబడటానికి కనీసం ఐదారు వారాల ముందే నాటడం ముగించాలి.

చేమంతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే శరత్తు కుండీల్లో అత్యధికంగా కొనేదీ, అత్యధికంగా నిరాశపరిచేదీ అదే. రాత్రి పొడవు పెరిగితేనే మొగ్గతొడిగే మొక్క అది. మొక్కలు పగటి పొడవును బట్టి పూస్తాయన్న సంగతిని 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, ఆలార్డ్ ప్రకటించారు. వేసవంతా ఏపుగా పెరుగుతూ పూయకుండా ఉండిపోయిన ఒక పొగాకు రకం వారికి ఆ దారి చూపింది. మొక్క లెక్కపెట్టేది నిజానికి పగటిని కాదనీ, అంతరాయం లేని రాత్రిననీ 1938లో మరో ఇద్దరు శాస్త్రజ్ఞులు, హామ్నర్, బానర్, తేల్చారు. ఇదంతా పుస్తకాల సంగతి అనుకోకండి. రాత్రంతా వెలిగే వీధిదీపానికో, గుమ్మం దీపానికో ఎదురుగా ఉన్న కిటికీ తొట్టెలో మొగ్గ పూర్తిగా పట్టని చేమంతిని నాటితే పూత ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు అసలు విచ్చుకోదు. అలాగని పూర్తిగా విచ్చుకున్నది కొంటే దానికి మిగిలిన ఆయుష్షు రెండు మూడు వారాలే. మొగ్గలు నిండుగా ఉండి, రంగు తెలిసేలా రెండు మూడు మాత్రమే విడిచిన మొక్కను ఎంచుకోవాలి. వచ్చే ఏటికి దాచుకుందామన్న ఆశ, శరత్తు చివర్లో నాటిన కుండీ చేమంతి విషయంలో, చాలావరకు ఫలించదు. పూలమీద శక్తి అంతా ఖర్చుపెట్టిన మొక్కకు వేళ్లు పెంచుకునే తీరిక ఉండదు.

అలంకార క్యాబేజీ, కేల్ దీనికి భిన్నమైనవి. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలకు దిగిన తరువాతే వాటి నడిమి ఆకులు గులాబీకి, ఊదాకు, పాలతెలుపుకు తిరుగుతాయి. చల్లదనంలో ఆకుల్లో చక్కెరలు నిలుస్తాయి, వాటితో గులాబీ, ఊదా రంగులిచ్చే ఆంథోసయనిన్ అనే పదార్థం తయారవుతుంది. కాబట్టి ఇంకా వెచ్చగా ఉండగానే కొని, రంగు రాలేదని ఎరువు వేయడం తొందరపాటు. హీదర్ అనే పొట్టి పొద జాతిలో మొగ్గలు ఎన్నటికీ విచ్చుకోని రకాలున్నాయి, పరాగసంపర్కం జరగదు కనుక రంగు నెలల తరబడి అలాగే ఉంటుంది. అయితే చాలా హీదర్లకు ఆమ్లమట్టి కావాలి. మామూలు మిశ్రమంలో పాన్సీల పక్కన పెడితే ఒకటి బాగుండి మరొకటి బాధపడుతుంది. సైక్లమెన్ దుంప నెత్తి మట్టిపైకి కొద్దిగా కనిపించేలా నాటాలి, దాని నడినెత్తిన నీళ్లు పోయకూడదు. చిన్నపూల సైక్లమెన్లు తేలికపాటి మంచును తట్టుకుంటాయే తప్ప గడ్డకట్టే చలిని తట్టుకోలేవు. పాన్సీల గురించి చెప్పేదేమీ లేదు, వాడిన పువ్వును గిల్లేస్తూ ఉంటే వాటంతట అవే నడుస్తాయి. ఎర్రటి పండ్లు కాసే చిన్న సొలానమ్ మొక్కలను అందంగా ఉన్నాయని కిటికీలో పెట్టేవారు ఆ పండ్లు విషపూరితమని, పసిపిల్లలున్న ఇంట్లో అవి ఎంతమాత్రం తగవని తెలుసుకోవాలి. మీ వ్యాసంలోని బొమ్మలో అవి ఉన్నాయి, హెచ్చరిక మాత్రం లేదు.

పైన ఇవన్నీ పూస్తుండగా అడుగున వసంతానికి దుంపలు దాచుకోవచ్చు. లోతు 30 సెంటీమీటర్లకు తగ్గని కుండీలో ట్యులిప్ దుంపలు అన్నిటికన్నా కింద, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున, ఆపైన డాఫోడిల్ దుంపలు, అన్నిటికన్నా పైన, నాలుగు వేళ్ల లోతున, క్రోకస్, మస్కారి దుంపలు పరచవచ్చు. 20 సెంటీమీటర్ల కిటికీ తొట్టెలో ఈ మూడంతస్తుల మేడ కట్టాలని చూడకండి, చిన్న దుంపలు ఒక్క వరుస వేసి ఊరుకోవాలి. ట్యులిప్‌కు పూయడానికి సుమారు 12 నుంచి 16 వారాల చలి కావాలి. చలికాలం వెచ్చగా ఉండేచోట దుంపలను ఫ్రిజ్‌లో పెట్టి ఆ చలిని అప్పుగా ఇవ్వవచ్చు గానీ, పక్కన పండ్లు ఉండకూడదు. మాగే పండ్లు విడిచే ఎథిలీన్ వాయువు దుంపలోపలి పూమొగ్గను చంపేస్తుంది.

నీరు, ఎండ విషయంలో కిటికీ తొట్టెకు కుండీకి లేని చిక్కులున్నాయి. సూర్యుడు ఈ కాలంలో త్వరత్వరగా కిందికి దిగుతాడు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద మిట్టమధ్యాహ్నపు సూర్యుడు జూన్ మూడో వారంలో దిగంతం నుంచి సుమారు 73 డిగ్రీల ఎత్తున ఉంటే, సెప్టెంబరు 22, 23 నాటికి 50కి, డిసెంబరు చివరికి 27కు దిగుతాడు. దానివల్ల దక్షిణం వైపు కిటికీలో వేసవంతా చూరు నీడన ఉన్న తొట్టెకు శరత్తులో నేరుగా ఎండ తగులుతుంది. ఉత్తరం వైపు తొట్టెకు వసంతం దాకా ఎండ పొడ తగలదు. వేసవిలో ఇక్కడ నీడ ఉండేది కదా అన్న జ్ఞాపకంతో మొక్కలు ఎంచుకుంటే పొరబడతాం. ఇక వాన సంగతి. వారమంతా ముసురు పట్టినా, గోడను ఆనుకుని చూరు కింద ఉన్న తొట్టెలోకి ఒక్క చినుకు పడకపోవచ్చు. వాన పడుతోంది కదా అని నీళ్లు మానేసిన ఇళ్లలో, నిండు వానాకాలంలో, ఎండిపోయి చచ్చిన ఐవీ తీగలను చూశాను. సతతహరిత మొక్కలు చలిలోనూ ఆకుల గుండా నీటిని కోల్పోతూనే ఉంటాయి. వేలిని రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే, అదీ ఉదయం పూట, నీళ్లు పోయడం అన్నది నేను పాటించే ఒకే ఒక నియమం. రోజు లెక్కన పోయడం వేసవితోనే ఆపేయాలి.

కిటికీ తొట్టె బరువు గురించి మీ వ్యాసం ఒక్క ముక్కైనా రాసి ఉండవలసింది, ఎందుకంటే దాని కింద మనుషులు నడుస్తారు. మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న తొట్టెలో 40 లీటర్ల మట్టి పడుతుంది. తేలికపాటి మిశ్రమమైనా నీరు తాగాక దాదాపు 40 కిలోలకు చేరుతుంది. తోటమట్టి నింపితే 60 కిలోలు దాటుతుంది. వేసవిలో రోజూ ఆరిపోయిన తొట్టె శరత్తులో నెలల తరబడి తడిగా, అంటే నిండు బరువుతో వేలాడుతుంది, పైగా ఇది ఈదురుగాలుల కాలం. మట్టి మార్చడానికి తొట్టె ఖాళీ చేసిన రోజే దాని ఇనుప ఊతలను, మేకులను, గోడలోని మరలను కదిపి చూసుకోవాలి. తుప్పుపట్టిన మర ఒక్కటి కనిపించినా మార్చేదాకా తొట్టెను మళ్లీ ఎక్కించకూడదు.

గడ్డకట్టే చలి వచ్చే ప్రాంతాల వారికి మరో రెండు జాగ్రత్తలు. నీరు మంచుగా మారినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, తడి మట్టితో నిండిన మట్టికుండీ పగిలేది అందుకే. రెండోది, నేలలో ఉన్న వేళ్లకు చుట్టూ భూమి దుప్పటి. కుండీలోని వేళ్లకు అంగుళం గోడ తప్ప ఏదీ అడ్డం లేదు. చలిని తట్టుకునే శక్తి కొమ్మలకన్నా వేళ్లకు తక్కువ. కాబట్టి ఏడాది పొడవునా బయటే ఉండవలసిన కుండీకి, మొక్కలకు వాటి చలి ఓర్పును బట్టి ఇచ్చే తరగతుల్లో, మన ప్రాంతానికి సిఫారసు చేసినదానికన్నా రెండు మెట్లు ఎక్కువ చలిని ఓర్చే మొక్కను ఎంచుకోవడం మంచి పద్ధతి. కుండీలన్నిటినీ గోడ పక్కన గుంపుగా చేర్చినా కొంత కాపుదల దొరుకుతుంది.

చివరగా, పీకేసిన వేసవి మొక్కలను చెత్తబుట్టలో వేయమన్న మీ సలహా నాకు మింగుడుపడలేదు. జెరేనియం, కోలియస్ కొమ్మలు నాలుగంగుళాలు తుంచి, కింది ఆకులు తీసి గుచ్చితే ఇంటిలోపల వెలుతురున్న కిటికీలో వేళ్లు పోసుకుంటాయి. దుంప బెగోనియాలను ఆకు పసుపుబారాక తవ్వి, ఆరబెట్టి, చలి తగలనిచోట దాచుకోవచ్చు. ఫ్యూషియాను సగానికి కత్తిరించి, వెలుతురు తక్కువైనా సరే, గడ్డకట్టని చల్లని మూల ఉంచి, మట్టి పూర్తిగా ఎండకుండా నెలకు రెండు మూడుసార్లు తడిపితే వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. చెత్తబుట్టకు నిజంగా తగినవి రోగమొచ్చిన మొక్కలు మాత్రమే.

ఒక విన్నపంతో ముగిస్తాను. మీరు వేసిన రంగుల బొమ్మను భూతద్దంతో చూశాను. మొక్కలు చాలావరకు కొన్న ప్లాస్టిక్ కప్పుల్లోనే ఉన్నాయి, అంచులు కనిపించకుండా నాచు కప్పారు. బొమ్మ కోసం అలా చేయడంలో తప్పులేదు గానీ, చదివేవారు దానిని నాటడమే అనుకుంటారు. వచ్చేసారి అటువంటి వ్యాసం వేసేటప్పుడు, నాటిన రోజు తీసిన బొమ్మ పక్కనే అదే తొట్టెను ఆరు వారాల తరువాత తీసిన బొమ్మ కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు